నల్లరేగడి పెరట్లో సింథటిక్ బ్యాడ్మింటన్ కోర్టు: రెండుసార్లు వేయించిన అనుభవంతో

ఇంటి వెనక 60 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు ఖాళీ ఉందని, నల్లరేగడి నేల అని, పిల్లల కోసం సింథటిక్ కోర్టు వేయించడానికి ఏ పెయింటు మంచిదని అడిగారు. పెయింటు సంగతి చివర్లో చూసుకోవచ్చండీ. ముందు నేల సంగతి చూడండి. గుంటూరు దగ్గర మా పెరట్లో 2018లో ఇదే పని చేయించి, ఏడాది తిరిగేసరికి పగలగొట్టించి మళ్లీ వేయించాం.

మొదటిసారి వచ్చిన కాంట్రాక్టరు పైమట్టి చెక్కించి, కాస్త ఇసుక పరిచి, దాని మీదే నాలుగు అంగుళాల కాంక్రీటు పోయించాడు. పన్నెండో రోజున రంగు వేసేశాడు. చూడటానికి కళ్లు చెదిరేలా ఉంది. తొలకరి వానలకు రంగు అక్కడక్కడా పూరీలా పొంగింది. కాలితో నొక్కితే లోపల నీరు. మరుసటి వేసవికి ఒక మూల నుంచి నెట్ దాకా వేలు దూరేంత పగులు వచ్చింది. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. పైన ఎంత ఖరీదైన రంగు వేసినా కింద నేల కదిలితే అది ఆగదు. మా పెద్దమ్మాయి కాలు ఆ పగులులో పడి బెణికింది. ఆ రోజే పగలగొట్టించాలని నిర్ణయించుకున్నాం.

రెండోసారి మూడు అడుగుల లోతు నల్లమట్టి తీయించి, గ్రావెల్ తోలించాం. తెలంగాణ వైపు మొరం అంటారు, అదే. ఒకేసారి నింపకుండా అర అడుగు చొప్పున పరిచి, తడిపి, రోలర్ తిప్పించాం. ఒక వానాకాలం అలాగే వదిలేశాం. పిల్లలు రోజూ గొడవ పెట్టినా సరే, ఆ నాలుగు నెలలు ఆగడమే మేం చేసిన మంచి పని. దిగాల్సిన చోట దిగింది, మళ్లీ నింపించాం. తర్వాత కంకర పొర, దాని మీద నేల చెమ్మ పైకి రాకుండా మందపాటి పాలిథిన్ షీటు, ఇనుప జాలీ కట్టి ఐదు అంగుళాల ఎం25 (కాంక్రీటు బలాన్ని చెప్పే గ్రేడు) కాంక్రీటు. మర్నాడే కట్టర్‌తో గళ్లుగా కోయించాం. ఎక్కడో ఒకచోట చీలిక రాక తప్పదు కాబట్టి, అది మనం కోసిన గీతలోనే వచ్చేలా ఈ ఏర్పాటు. ఒక కోత సరిగ్గా నెట్ కిందకు వచ్చేలా చూసుకోండి. నెట్ పోస్టులు దిగే పైపులను కూడా కాంక్రీటు పోసేటప్పుడే పెట్టించాలి.

వాలు మాట మేస్త్రీకి గట్టిగా చెప్పాలి. పది అడుగులకు అంగుళం చొప్పున, ఒకే వైపుకు. మీ 30 అడుగుల వెడల్పుకు మొత్తం మూడు అంగుళాలు. మధ్యలో ఎత్తుగా, రెండు వైపులా పల్లంగా పెడతామంటే ఒప్పుకోకండి. పల్లం వైపు కాలువ కట్టించి నీళ్లను ఇంకుడు గుంతకు మళ్లించాం. ఆ గుంతను కోర్టుకు దూరంగా తవ్వించండి, నల్లరేగడిలో కోర్టు పక్కనే నీరు ఇంకితే మళ్లీ అదే కథ.

ఇంకో మాట. మన మేస్త్రీలు అలవాటు కొద్దీ పైన పొడి సిమెంటు చల్లి అద్దంలా తీరుస్తారు. ఇంటి గచ్చుకు అది బాగుంటుంది, కానీ ఇక్కడ రంగు పట్టదు, పొరలా లేచిపోతుంది. చీపురు గీతలు పడేలా కాస్త గరుకుగా వదిలేయమనండి. మళ్లు కట్టి నీళ్లు నిలపండి. పోసిన దగ్గర్నుంచి 28 రోజులు నిండాకే అక్రిలిక్, అంటే సింథటిక్ కోర్టుకు వేసే రంగు పూత, వేయించండి. వేసే ముందు రెండడుగుల పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో అంటించి, మర్నాడు తీసి చూడండి. అడుగున చెమ్మ కనిపిస్తే ఇంకా ఆగాలి. అలాగే కోర్టంతా తడిపి గంట తర్వాత చూడండి. నీళ్లు నిలిచిన చోట రూపాయి బిళ్ల పెడితే అది మునిగేంత లోతు ఉంటే, ఆ గుంటను ముందే పూడ్పించాలి.

అక్రిలిక్ పని మూడు నాలుగు రోజుల్లో అయిపోతుంది. ప్రైమరు, ఇసుక కలిపిన రీసర్ఫేసరు (రంగు కింద ఉపరితలాన్ని సమం చేసే పొర), రెండు పూతల రంగు, చివర్లో గీతలు. మే నెల మధ్యాహ్నాల్లో వేయిస్తే పరిచేలోపే ఆరిపోయి చారలు పడతాయి. పొద్దున్నే మొదలుపెట్టించండి. పెద్ద ఇండోర్ స్టేడియాల్లో కనిపించే వినైల్ మ్యాట్ ఆరుబయట వద్దు, ఎండావానలకు నిలవదు. ప్లాస్టిక్ టైల్స్ బిగించుకోవచ్చు, పాడైన టైలు ఒక్కదాన్నే మార్చుకోవచ్చు, కానీ వాటికీ కింద సమంగా ఉన్న గచ్చు కావాల్సిందే. అక్రిలిక్ కింద ఉన్నది కాంక్రీటే కాబట్టి మోకాళ్లకు గట్టిగానే ఉంటుంది. పిల్లలు రోజూ ఆడేట్టయితే రబ్బరు కలిసిన కుషన్ పొరలకు ఖర్చు పెట్టండి. మేం రెండోసారి వేయించాం, తేడా మా నడుములకు తెలిసింది.

డబుల్స్ కోర్టు 44 అడుగులు, 20 అడుగులు. మీ స్థలంలో వెనక ఎనిమిదేసి, పక్కల ఐదేసి అడుగులు మిగులుతాయి, హాయిగా సరిపోతుంది. పొడవు ఉత్తర దక్షిణాలుగా వస్తే ఉదయం, సాయంత్రం ఎండ కళ్లలో పడదు. లైట్లు పక్కల పెట్టించండి. సర్వీస్ తీగలు పైనుంచి వెళ్తుంటే ముందే మార్పించండి. చెట్టు దగ్గరగా ఉంటే వేళ్ల సంగతి కూడా ఆలోచించాలి. మా వేపచెట్టు ఇరవై అడుగుల దూరంలో ఉన్నా పళ్లు రాలి మరకలు పడుతున్నాయి, రోజూ ఊడ్వాల్సిందే.

కోర్టు వేశాక ఇంట్లో అందరికీ చెప్పండి. మిరపకాయలు ఆరబోయకూడదు, షామియానా గుంజలు పాతకూడదు, పొయ్యిలు పెట్టకూడదు. మా ఇంట్లో సీమంతానికి వంటవాళ్లు ఒక మూల పొయ్యి పెట్టారు, ఆ నల్లటి మచ్చ ఇప్పటికీ ఉంది. వానాకాలంలో నీడ పడే చోట నాచు పడితే జారుతుంది, మెత్తటి బ్రష్షుతో కడిగితే చాలు. యాసిడ్ వాడకండి.

గాలి మాత్రం ఎవరి చేతుల్లోనూ లేదు. మా దగ్గర సాయంత్రం గాలికి షటిల్ నిలవదు, అందుకే ఆరింటికే లేచి నైలాన్ షటిల్‌తో ఆడుకుంటాం. మీరు ఒక్క రూపాయి ఖర్చు పెట్టక ముందే ఆ ఖాళీలో ముగ్గుపిండితో కోర్టు గీసి, రెండు గుంజలకు నెట్ కట్టి, ఒక వారం ఉదయం, సాయంత్రం ఆడి చూడండి. ఎండ ఏ వైపు నుంచి కొడుతోంది, గాలి ఎప్పుడు లేస్తోంది, గాలీ ఎండా ఆపే గ్రీన్ నెట్ ఎటు కట్టాలి అన్నది అప్పుడే తెలిసిపోతుంది.