మేపుల్ వద్దులే, బాదం టెంక నాటు

అబ్బయ్యా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన జపాన్ మేపుల్ చెట్టు ఫొటో చూశాను. చెట్టు నిలువునా అంటుకున్నట్టు ఎర్రగా ఉంది, కాదనను. ఇట్లాంటి దాన్ని గింజ నుంచి పెంచి తుమ్మలపెంట రోడ్డులో కడుతున్న మన ఇంటి ముందు నిలబెట్టాలని ఉంది మామా, ఎట్లా అని అడిగావు. ఫోన్లో చెబితే మీటింగ్ ఉందని మధ్యలో పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. తీరిక చూసుకుని చదువు.

ఆ జపాన్ మేపుల్‌ని నేనూ ఒకసారి పెంచాను. పెంచానంటే, చంపాననే అర్థం. నర్సరీ బాగా నడుస్తున్న రోజుల్లో ఎక్కడినుంచో పోస్టులో ఒక ప్యాకెట్ తెప్పించాను. గింజకి పల్చటి రెక్క ఒకటి, అచ్చం తూనీగ రెక్కే. ఆ గింజ ఊరికే మట్టిలో వేస్తే మొలవదు. మంచు కురిసే దేశపు చెట్టు కదా, చలికాలం గడిచిందని నమ్మకం కుదిరితేగాని కళ్ళు తెరవదు. అందుకని ఒక రోజు నానబెట్టి, తడి ఇసుకలో కలిపి, కవర్లో కట్టి, 4, 5 డిగ్రీల చలిలో మూడు నాలుగు నెలలు ఉంచాలి. మన ఊళ్ళో ఆ చలి ఫ్రిజ్‌లో తప్ప ఇంకెక్కడ దొరుకుతుంది? కొత్తిమీర పక్కన పెట్టాను. మీ అత్త పాచిపోయిన పచ్చడనుకుని రెండుసార్లు పారేయబోయింది.

డిసెంబరులో విత్తితే ఏడు మొలిచాయి. బొటనవేలి గోరంత ఆకు, దానికి వేళ్ళలాగా చీలికలు. నర్సరీకి వచ్చినవాళ్ళందరికీ చూపించాను. మార్చి చివరికి ఆకుల కొసలు కాగితం కాలినట్టు మాడటం మొదలైంది. గ్రీన్ నెట్ కట్టాను, రోజుకు మూడుసార్లు నీళ్ళు చిలకరించాను, చివరికి కుండీలను బాత్రూమ్‌లోకి కూడా మార్చాను. రోహిణి కార్తె రాకముందే ఏడూ పోయాయి.

తప్పు గింజది కాదు, నాదీ కాదు. ఆ చెట్టుకి ఎండాకాలంలో చల్లదనం ఒక్కటే చాలదు. ఏటా ఆకులన్నీ రాల్చి చలిలో కొన్నాళ్ళు నిద్రపోవాలి, అప్పుడే వసంతంలో సరిగ్గా చిగురేస్తుంది. మనకు జనవరి రాత్రుల్లో కూడా 20 డిగ్రీల దగ్గరే ఉంటుంది. మేలో 40 దాటుతుంది. పగలు మంచి ఎండ, రాత్రి గట్టి చలి కలిస్తేనే నువ్వు ఫొటోలో చూసిన ఎరుపు వస్తుంది. సిమ్లాలోనో డార్జిలింగ్‌లోనో ఇల్లు కడుతుంటే నేనే దగ్గరుండి వేయించేవాణ్ణి.

ఇంకో రెండు మాటలు చెప్పి ఆ సంగతి వదిలేస్తాను. ఆన్‌లైన్‌లో నీలం రంగు మేపుల్ గింజలని అమ్ముతారు, కొనబాక. నీలం ఆకుల మేపుల్ అనేది లోకంలో లేదు, అది కంప్యూటర్లో వేసిన రంగు. ఈసారి ఆఫీసు పనిమీద విదేశం వెళ్ళినప్పుడు అక్కడ చెట్టు కింద గింజలు ఏరి సూట్‌కేసులో వేసుకొచ్చే ఆలోచన కూడా పెట్టుకోవద్దు. బయటి దేశం నుంచి విత్తనం తేవాలంటే పర్మిట్ కావాలి, తెగుళ్ళు లేవని అక్కడి ప్రభుత్వం ఇచ్చే సర్టిఫికెట్ కావాలి. బయటి తెగుళ్ళు, పురుగులు దేశంలోకి రాకుండా 2003లో జారీ చేసిన ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ అది. చాదస్తమని నవ్వబాక, ఒక్క కొత్త పురుగు దిగితే మన మామిడి తోటల గతేంటి?

ఇక నీకు కావలసింది ఏమిటి? ఏటా ఆకు ఎర్రబడి రాలే చెట్టు. అది మీ అమ్మమ్మ ఇంటి దొడ్లోనే ఉండేది. చిన్నప్పుడు దాని కాయలు రాయి మీద పెట్టి కొడుతూ వేలు నలగ్గొట్టుకుని ఏడ్చావు, గుర్తుందా? బాదం చెట్టు. షాపులో కొనే బాదం పప్పు చెట్టు కాదు, మన ఊళ్ళ బాదం. సంక్రాంతి దాటాక ఒకసారి కావలి వీధుల్లో తలెత్తి నడిచి చూడు. కొమ్మలు గొడుగు మీద గొడుగు పెట్టినట్టు అంతస్తులుగా ఉంటాయి, ఒక్కో అంతస్తులో పసుపు, నారింజ, కుంకుమ రంగు ఆకులు. కొన్ని ఆకులు సగం పచ్చగా, సగం ఎర్రగా ఉండి ఈనె మాత్రం పసుప్పచ్చగా మిగులుతుంది. చెట్టు రంగు మారడానికి ఒక సైగ కావాలి. మేపుల్‌కి ఆ సైగ చలి. బాదానికి వానలు వెనక్కి తగ్గి నేల ఆరడం. ఆ రెండోది మన జిల్లాలో ఎప్పుడూ కరువు లేదు.

పైగా ఇది సముద్రపు ఒడ్డు చెట్టు. నీ స్థలం దువ్వ నేల, అంటే ఇసుక నేల, బోరు నీళ్ళు ఉప్పన, గాలి కూడా ఉప్పు గాలే. వీటన్నిటినీ తట్టుకుంటుంది.

గింజ సంగతికి వద్దాం. తల్లి చెట్టుని పుష్యమాసంలోనో మాఘంలోనో ఎంచుకో, ఎందుకంటే అన్ని బాదం చెట్లూ ఒకేలా ఎర్రబడవు. కొన్ని ఉత్త పసుపు తిరిగి రాలిపోతాయి. బాగా ఎర్రబడిన చెట్టుకి గుర్తు పెట్టుకుని, ఎండాకాలం చివర్లో దాని కింద పండి రాలిన కాయలు ఏరు. పిల్ల అచ్చం తల్లిలాగే వస్తుందని రాసివ్వలేను. అందుకే నీకు కావలసింది ఒక్క చెట్టయినా పది టెంకలు నాటమంటాను. గబ్బిలాలు తిని పడేసినవి దొరికితే ఇంకా మంచిది, గుజ్జు వలిచే పని తప్పుతుంది.

ఇక్కడొక పొరపాటు అందరూ చేస్తారు. నీళ్ళలో వేసి, తేలిన గింజ తాలు, మునిగింది గట్టిది అంటారు. బాదం దగ్గర ఆ లెక్క పనికిరాదు. దాని టెంక చుట్టూ బెండులాంటి పొర ఉంటుంది, మంచి గింజ కూడా తేలుతుంది. అది సముద్రంలో తేలుతూ వేరే తీరాలకు పోయి మొలిచే జాతి మరి! నేను చేసేదేమంటే, ఏరిన వాటిలో నాలుగైదు పగలగొట్టి చూస్తాను. పప్పు తెల్లగా, చుట్టలాగా నిండుగా ఉంటే ఆ కుప్ప మంచిదే. పగలగొట్టినవి తినేయడమే, వృథా ఏమీ పోదు.

గుజ్జు తీసి, నీడలో ఒక రోజు ఆరబెట్టి, ఒక పగలూ రాత్రీ నానబెట్టు. నర్సరీ కవర్లలో రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు మాగిన గొడ్ల ఎరువు కలిపి నింపు. పచ్చి పేడ వేస్తే చెదలు వస్తాయి. టెంకను పడుకోబెట్టి, పైన అంగుళం మట్టి కప్పు. మూడు వారాల నుంచి ఆరు వారాల్లో మొలుస్తుంది. ఈ మధ్యలో తవ్వి చూడొద్దు! నీకు చిన్నప్పటి నుంచీ ఆ అలవాటు ఉంది. మట్టి తడిగా ఉంటే చాలు, బురద కావద్దు.

జూన్, జూలైలో విత్తితే అక్టోబరు, నవంబరు వానలకు మొక్క నేలలో పెట్టే ఈడుకి వస్తుంది. మనకు అసలు వానలు అప్పుడే కాబట్టి వేరు పట్టుకోవడానికి అంతకంటే మంచి అదును లేదు. రెండడుగుల గుంట తీయించు. ఇంటి గోడకు, కాంపౌండ్‌కి, సెప్టిక్ ట్యాంకుకి కనీసం పదిహేను ఇరవై అడుగుల దూరం ఉండాలి. ఇది పక్కలకు పాకే చెట్టు, మేడ మీదకు కరెంటు తీగ వచ్చే వైపు అసలే వద్దు. వాయుగుండాల కాలం కాబట్టి ఊతకర్ర పాతి, గోనె పీలికతో వదులుగా కట్టు. ప్లాస్టిక్ తాడు బెరడుని కోసేస్తుంది. మేకలకు ఆ ఆకంటే ప్రాణం, చుట్టూ కంచె లేకపోతే నువ్వు పండక్కి వచ్చేసరికి పుల్ల మిగులుతుంది.

మొదటి రెండు ఎండాకాలాలు మాత్రం పాదు చేసి నీళ్ళు పోయాలి, వీలైతే మంచినీళ్ళు. పాదులో ఎండుటాకు పరిస్తే తడి నిలుస్తుంది. తర్వాత మెల్లగా మానేయించు. చెట్టు మీద ప్రేమతో ఏడాదంతా నీళ్ళు, యూరియా పోస్తే అది పచ్చగానే కూర్చుంటుంది, రంగెక్కదు. నీడలో పెట్టినా అంతే. ఆకులోని పచ్చదనం విరిగిపోయినప్పుడు అంతకుముందే లోపలున్న పసుపు బయటపడుతుంది. ఎరుపు అట్లా కాదు, ఆకు దాన్ని అప్పటికప్పుడు తయారు చేసుకోవాలి, దానికి ఎండ కావాలి. ఒకే చెట్టు మీద ఎండ తగిలే వైపు ఆకులు ఎర్రగా, లోపలివి పసుపుగా ఉండటం నువ్వే చూస్తావు.

దాని తిప్పలూ చెబుతాను, తర్వాత నన్ను అనబాక. గొంగళి పురుగులు పడతాయి, ఒళ్ళు దద్దుర్లు లేస్తుంది. చెట్టు చిన్నగా ఉన్నప్పుడు లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు నీళ్ళు కలిపి కొడితే అదుపులో ఉంటాయి. ఆకు రాలే నెలలో పొద్దున ఊడిస్తే సాయంత్రానికి మళ్ళీ అంతే. మీ ఆవిడతో ముందే మాట్లాడుకో. నేనైతే ఆ ఆకుల్ని గుంటలో వేసి ఎరువు చేస్తాను. రంగుచేపలు పెంచేవాళ్ళు తొట్టిలో వేయడానికి అడిగి తీసుకెళ్తారు కూడా.

రంగు ఎప్పుడు వస్తుందని అడుగుతావు. మూడో ఏడు నుంచి నలుగురికి చూపించేంత వస్తుంది. ఈలోపు రంగుల మీద మోజు తీరకపోతే ఉగాది ముందు ఒకసారి ఇటు రా. వేప, రావి, మామిడి చిగుళ్ళు రాగి రంగులో ఉంటాయి. మన వైపు చెట్లు పోయేటప్పటికంటే వచ్చేటప్పుడే ఎక్కువ ముస్తాబవుతాయి.

మా వీధి చివర చెట్టు కింద ముప్పై కాయలు ఏరి గోనె మీద ఆరబెట్టాను. ఆదివారం వచ్చి తీసుకుపో, ఆలస్యమైతే మీ అత్త పగలగొట్టి చిన్నదానికి పెట్టేస్తుంది. నువ్వు ఇప్పటికే మేపుల్ గింజలు కొనేసి ఉంటావని నా అనుమానం. కొనుంటే ఆ ప్యాకెట్ కూడా పట్టుకురా. ఫ్రిజ్‌లో కొత్తిమీర పక్కన చోటుంది.

మీ మామయ్య,
కావలి