వాన పడ్డ రోజు ఎవరు తీసుకెళ్తారు?

బుజ్జీ,

నీ మెసేజ్ చూశాను. నీ భర్తకి కుక్కపిల్ల కావాలట, నీకేమో అంత మనసు లేదు, అయినా సరే అనెయ్యనా అని అడిగావు. ఇద్దరి హాబీలూ కలవడం లేదు, ముందు ముందు ఇబ్బందా అని ఇంకో టెన్షన్. మీ పెదనాన్నకీ నాకూ పెళ్లై 41 ఏళ్లు. ఈలోపు మా ఇంట్లో నాలుగు కుక్కలు పెరిగాయి. నాకు ఏ సంగతైనా సంవత్సరంతో గుర్తుండదు, అప్పుడు ఏ కుక్క ఉండేదో దాన్నిబట్టి గుర్తుంటుంది. అలాగే చెప్తాను, ఓపిగ్గా చదువు.

హాబీలు కలవక్కర్లేదు. ఆయనకి పాత గోడగడియారాలు బాగుచేసే పిచ్చి, నాకు పిట్టల్ని చూసే పిచ్చి. మొదట్లో ప్రేమ కొద్దీ నేను ఆయన పక్కన కూర్చుని పళ్లచక్రాలు తుడిచేదాన్ని. అరగంటకే ఆవలింతలు. ఆయన బైనాక్యులర్స్ మెడకి తగిలించుకుని నా వెంట వచ్చేవారు. పిట్ట కనబడగానే "అదిగో!" అని కేకేసేవారు. ఇంకేముంది, కొమ్మ ఒక్కటే మిగిలేది. రెండేళ్లు అలా ఒకరి కోసం ఒకరు నటించాక ఒకరోజు నవ్వుకుని మానేశాం. ఇప్పుడు నేను తిరిగొచ్చాక ఏ పిట్ట కనబడిందో చెప్తాను, ఆయన వింటారు. సగం వింటారేమో, ఫర్వాలేదు.

ఒకరి హాబీ ఇంకొకరు నేర్చుకోకపోయినా, దాని జోలికి పోకుండా ఉండటం మాత్రం నేర్చుకోవాలి. ఇది నేను తప్పు చేసి తెలుసుకున్నదే. మా మొదటి కుక్క చుక్క ఉన్న రోజులవి. ఒక ఆదివారం ఆయన బల్ల సర్దాను. తెల్లగుడ్డ మీద ఒక గడియారం విప్పి పెట్టి ఉంటే, ఆ ముక్కలన్నీ ఎత్తి ఒక డబ్బాలో పోసేశాను. విప్పిన వరసలోనే ఎడమ నుంచి కుడికి పేర్చుకున్నారని నాకేం తెలుసు? మళ్లీ బిగించడానికి ఆయనకి ఆ వరసే దారి. పైగా లోలకాన్ని వేలాడదీసే స్ప్రింగు రేకు, కాగితమంత పల్చగా ఉంటుంది, అది మడతపడింది. ఒకసారి మడతపడితే ఇక పనికిరాదు. ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది. మూడు రోజులు అవసరానికి మించి మాట లేదు.

అయితే ఆ మూడు సాయంత్రాలూ ఇద్దరం కలిసే నడిచాం. చుక్క పెద్ద కుక్క, ఒక్కరి చేతికి ఆగేది కాదు, అలిగినా వెళ్లక తప్పదు. మూడో రోజు అది ఉడతని చూసి గొలుసు లాక్కుని ఉరికింది. ఇద్దరం ఒకేసారి అరిచాం, ఒకేసారి పరిగెత్తాం. ఇంటికొచ్చేసరికి కొత్త స్ప్రింగు ఎలా సంపాదించాలా అని మాట్లాడుకుంటున్నాం. సారీ చెప్పానో లేదో కూడా గుర్తులేదు. ఎదురెదురుగా కూర్చుని "నీతో మాట్లాడాలి" అంటే ఆ మాటకే సగం గొడవ మొదలవుతుంది. పక్కపక్కన నడుస్తూ, ఇద్దరి చూపూ కుక్క మీద ఉంటే, కష్టమైన మాట కూడా మెల్లగా బయటికొస్తుంది. ఆయన ఉద్యోగం మానేస్తానన్నది అలాంటి నడకలోనే.

అంటే కుక్క ఉంటేనే కాపురం అని కాదు. ఇద్దరూ కలిసి చేసే పని ఒక్కటుంటే చాలు, ఇద్దరికీ చేతకానిదైతే మరీ మంచిది. ఆర్థర్ ఆరన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 2000లో ఒక పరిశోధన ప్రచురించింది. భార్యాభర్తల చేతినీ కాలినీ ఒకవైపు కలిపి కట్టి, ఇద్దరి మధ్యా ఒక దిండు ఇరికించి, దాన్ని చేత్తో పట్టుకోకుండా చాపల మీద పాకమన్నారు. అంతా 7 నిమిషాలు. మామూలు పని చేసిన జంటల కంటే, ఇలా పాకిన జంటలు తమ కాపురం గురించి ఎక్కువ సంతృప్తిగా చెప్పాయట. కుక్కపిల్లకి స్నానం చేయించడం దానికేం తీసిపోదు.

ఇక నీ అసలు ప్రశ్న. మనసు లేకుండా అతని కోసం సరే అనకు. పెద్ద జాతి కుక్కైతే 8 నుంచి 10 ఏళ్లు, చిన్నవైతే 12 నుంచి 15 ఏళ్లు బతుకుతాయి. అన్నేళ్లు మొహమాటం నడవదు. "నీ కుక్క, నువ్వే చూసుకో" అనే మాట ఏదో ఒకరోజు నోరు జారుతుంది.

నిజంగా తెచ్చుకుంటే, 8 వారాలు నిండకుండా తల్లి దగ్గర్నుంచి తేవద్దు. టీకాలు ఒక్కసారితో అయిపోవు, సుమారు 16 వారాల వయసు వరకూ విడతలుగా వేయిస్తూ ఉండాలి. మూడు నెలలకి రేబిస్ టీకా. తేదీలు వెటర్నరీ డాక్టర్ చెప్తారు, గుర్తుపెట్టుకునే పని ఒక్కరే తీసుకోండి, ఇద్దరూ తీసుకుంటే ఇద్దరూ మర్చిపోతారు. ఉల్లిపాయ, చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ దానికి విషం. ఇంటికొచ్చే చుట్టాలకి కూడా ఈ మాట చెప్పాలి.

అన్నిటికంటే ముఖ్యం, ఇద్దరూ ఒకే మాట మీద ఉండటం. నేను చుక్కని సోఫా ఎక్కనిచ్చేదాన్ని కాదు. నేను బయటికెళ్తే ఆయన ఎక్కించుకునేవారు. నా చెప్పుల చప్పుడు వినగానే ఇద్దరూ కిందికి దిగేవాళ్లు! అన్నం సంగతీ అంతే. నేను కొలిచి పెట్టేదాన్ని, ఆయన దొంగచాటుగా పెట్టేవారు. అది లావెక్కి, డాక్టర్ ముందు ఇద్దరం తలొంచుకున్నాం.

పోయే రోజు గురించి ఎవరూ ముందు చెప్పరు, నేను చెప్తున్నాను. చుక్క పోయిన వారానికే ఆయన ఇంకో పిల్లని తెద్దామన్నారు. నాకు ఒళ్లు మండింది. ఈయనకి అసలు బాధే లేదా అనుకున్నాను. ఒక రాత్రి మంచినీళ్లకి లేస్తే, ఆయన దాని ఖాళీ గిన్నె కడుగుతున్నారు. మొన్న కడిగిందే, మళ్లీ కడుగుతున్నారు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే ఆయన తట్టుకోలేకపోతున్నారు, ఇల్లు అప్పుడే నిండిపోతే నేను తట్టుకోలేను. ఇద్దరి బాధా ఒకటే, నడిచే వేగం వేరు. ఏడు నెలలు ఆగాం. ఆగినన్నాళ్లూ సాయంత్రం నడక మాత్రం మానలేదు, గొలుసు లేకుండానే వెళ్లాం. మొదటి రోజుల్లో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

సరే, నువ్వు ఇప్పుడే అతనికి అవుననీ కాదనీ చెప్పకు. రేపు ఒక్క మాట అడుగు: జోరున వాన, పొద్దున్నే ఆరు, ఇద్దరికీ నిద్ర తీరలేదు, అప్పుడు దాన్ని ఎవరు బయటికి తీసుకెళ్తారు? "నేనే" అంటే సగమే నమ్ము. "ఇద్దరం" అంటే అసలు నమ్మకు. కాసేపు ఆలోచించి ఏమన్నాడో నాకు రాయి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ