దేవుడు చూస్తున్నాడు సరే, నువ్వు అడిగావా?

పర్లాకిమిడి,
ఆదివారం సాయంత్రం

బుజ్జీ,

ప్రభువు నామంలో నీకు వందనాలు.

నిన్న రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. ఆ బిల్లింగ్ సెక్షన్‌లో నాలుగేళ్లుగా నువ్వు పడుతున్న కష్టం నాకు తెలుసు. కొత్తగా చేరినవాళ్లకి పని నేర్పేది నువ్వే. నెలాఖరున లెక్క కుదరకపోతే రాత్రి ఎనిమిది దాకా కూర్చునేదీ నువ్వే. తీరా సీనియర్ పోస్టు వచ్చేసరికి నువ్వు నేర్పిన అబ్బాయికే ఇచ్చారన్నావు. మీటింగులో నీ పేరైనా ఎత్తలేదన్నావు. ఇదంతా చెప్పి చివర్లో, "పోనీలే దొడ్డమ్మా, దేవుడు చూస్తున్నాడు, నేను ఇలా బాధపడకూడదు" అన్నావు. ఆ మాట నా మనసులోంచి పోవడం లేదు. అదే మాట నేను ఏడేళ్లు అన్నాను. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఫోన్లో అయితే "సరే దొడ్డమ్మా" అని పెట్టేస్తావు.

ముందుగా, బాధపడినందుకు నిన్ను నువ్వు తిట్టుకోకు. ఒళ్లు వంచి పని చేసినప్పుడు ఒక మంచి మాట దక్కకపోతే ఎవరికైనా నొప్పే. ఏలీయా అంతటి ప్రవక్త బదరీవృక్షం కింద కూలబడి, నా ప్రాణం తీసుకో ప్రభువా అన్నాడు. రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయం తీసి చూడు. దేవదూత వచ్చి అతన్ని మందలించలేదు. వాక్యం కూడా చెప్పలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు పెట్టి, లేచి తినమన్నాడు. ఏలీయా తిని మళ్లీ పడుకున్నాడు. రెండోసారి లేపి మళ్లీ తినమనే చెప్పాడు. హోరేబు కొండ దగ్గర దేవుడు అతనితో మాట్లాడింది ఆ తర్వాతే. ముప్ఫై మూడేళ్లు నర్సుగా పనిచేసినదాన్ని కాబట్టి నాకు ఆ వరస ఎంతో నచ్చుతుంది. నీ గొంతు వింటేనే నువ్వు మధ్యాహ్నం సరిగా తినడం లేదని తెలిసిపోతోంది. పొద్దున్నే ఓ గ్లాసు చోడి అంబలి తాగి వెళ్లు. క్యారేజీ కట్టుకో. ఆకలితో, నిద్ర చాలక ఉన్న మనిషికి ఇన్‌ఛార్జి మామూలుగా అన్న మాట కూడా అవమానంలాగే వినిపిస్తుంది.

ఇప్పుడు నా సంగతి చెబుతాను. మీ అమ్మకి కూడా ఇది పూర్తిగా తెలియదు.

నేను పనిచేసిన ఆసుపత్రిలో వార్డు సిస్టర్ పోస్టు ఖాళీ అయితే, నాకంటే ఏడాది వెనక చేరిన ఒకావిడకి ఇచ్చారు. ఆ వానాకాలం కొండ ఊళ్ల నుంచి విరేచనాలతో జనం వస్తూనే ఉన్నారు. మంచాలు చాలక వరండాలో చాపలు పరిచి సెలైన్లు ఎక్కించాం. వరసగా పదకొండు నైట్ డ్యూటీలు చేశాను. ఆ నెల తిరగకుండానే ఈ ఆర్డరు వచ్చింది. దుప్పట్లు పెట్టే గదిలోకి వెళ్లి తలుపేసుకుని ఏడ్చాను. బయటికి వచ్చాక మాత్రం అందరితో ఒకటే మాట: "నాకు మనుషుల మెప్పు అక్కర్లేదు, దేవుడు చూస్తున్నాడు."

పైకి అది విశ్వాసం. లోపల ఉన్నది కక్ష. ఆవిడా నేనూ ఒకే చర్చి సంఘం. నెలనెలా ప్రభువు బల్ల దగ్గర ఇద్దరం రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునేవాళ్లం. బయటికి వచ్చి ఆవిడకి వందనం కూడా చెప్పేదాన్ని కాదు. పెద్దవాళ్లని మంచి చేసుకుని ఆ పోస్టు సంపాదించిందని నా మనసులో నేనే తీర్పు రాసేసుకున్నాను. ఏడేళ్ల తర్వాత ఏదో లోన్ కోసం నా సర్వీసు బుక్కు తీయించాల్సి వచ్చింది. చూస్తే నేను ఉద్యోగంలో చేరిన సంవత్సరం రెండేళ్లు ఆలస్యంగా రాసి ఉంది. ఎవరో గుమస్తా అంకె తప్పు వేశాడు. సీనియారిటీ లిస్టులో నా పేరు ఆవిడ పేరు కింద ఉన్నది అందుకే. ఒక్క దరఖాస్తు రాసి, అపాయింట్‌మెంట్ ఆర్డరు నకలు జతచేసి ఇచ్చాను. మూడు వారాల్లో సరిచేశారు. పోయిన జీతం తేడా మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు.

ఆ ఏడేళ్లలో ఒక్కరోజు ఆఫీసు గదిలోకి వెళ్లి "నన్నెందుకు వదిలేశారండీ?" అని అడిగి ఉంటే ఆ రోజే తేలిపోయేది. నేను అడగలేదు. అడగకపోవడాన్ని ఓర్పు అనుకున్నాను. ఆవిడ ఇంటికి వెళ్లి క్షమించమన్నాను. అర్పణ బలిపీఠం దగ్గరే విడిచిపెట్టి ముందు సహోదరునితో సమాధానపడమని ప్రభువు చెప్పిన మాట అప్పటిదాకా ఎన్నిసార్లు చదివానో. ఆవిడ టీ పెట్టి ఇచ్చింది. నేను ఎందుకు మాట్లాడటం మానేశానో ఇన్నేళ్లూ తనకు అర్థం కాలేదని చెప్పి ఏడ్చింది.

నీ విషయంలోనూ ఇలాంటి పొరపాటే జరిగి ఉంటుందని అనడం లేదు. నిజంగానే చిన్నచూపు చూసి ఉండొచ్చు. అది కూడా అడిగితేనే తెలుస్తుంది. దేవుడు చూస్తున్నాడన్న నమ్మకం నిన్ను నోరు మూసుకుని కూర్చోబెట్టడానికి కాదు తల్లీ, వణకకుండా వెళ్లి అడగడానికి.

మనం తెలుగువాళ్లం కాబట్టే ఇలా చేశారేమో అని కూడా అన్నావు. ఉండొచ్చు, లేకపోవచ్చు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మన పర్లాకిమిడి ఇటు వచ్చింది, పక్కనే ఉన్న పాతపట్నం మద్రాసు వైపు ఉండిపోయింది. అప్పటినుంచీ మనకి ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, కొండకి వెళ్తే సవర. ఈ సరిహద్దులో బతికేవాళ్లకి ఆ అనుమానం ఎప్పుడో ఒకప్పుడు రాకుండా ఉండదు. దీనికి నేను చదువుకునే భాగం అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం. యెరూషలేములో రోజూ జరిగే భోజన పంపిణీలో, గ్రీకు మాట్లాడే యూదుల విధవరాళ్లని చిన్నచూపు చూశారు. సరిగ్గా ఆ మాటే మన తెలుగు బైబిల్లో ఉంది, చిన్నచూపు అని. ఒకే సంఘం, ఒకే ప్రభువు, అయినా భాష దగ్గర తేడా వచ్చింది. వాళ్లు సణిగారు. అపొస్తలులు వాళ్లని అవిశ్వాసులని కసరలేదు. అందరినీ పిలిచి ఏడుగురిని ఏర్పరచుకోమన్నారు. ఆ పేర్లు చదువు: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నికొలాసు. అన్నీ గ్రీకు పేర్లే. లోటు ఎవరికి జరిగిందో వాళ్ల మనుషుల చేతికే పంపిణీ అప్పగించారని నాకు అనిపిస్తుంది. ఫిర్యాదు చేసినందుకు సంఘం చీలిపోలేదు. ఆ తర్వాత వచనంలో శిష్యుల సంఖ్య ఇంకా పెరిగిందని ఉంటుంది.

సెలోపెహాదు కూతుళ్లు అయిదుగురి సంగతి నీకు ఆదివారపు బడిలోనే చెప్పాను, గుర్తుందా? తండ్రికి కొడుకులు లేరని ఆ ఇంటికి భూమిలో వాటా లేకుండా పోతుంటే, గుడారం ద్వారం దగ్గర మోషే ముందు, సమాజమంతటి ముందు నిలబడి అడిగారు. వాళ్లు చెప్పింది న్యాయమేనని దేవుడే అన్నాడు. పెళ్లి కావాల్సిన ఆడపిల్లలు, అంతమందిలో!

చాలామంది పాస్టర్లు ఉద్యోగస్తులకి, అపొస్తలుడైన పౌలు కొలస్సయి సంఘానికి ఉత్తరంగా రాసిన పత్రిక 3వ అధ్యాయం చెబుతారు, ఏం చేసినా మనుషుల కోసం కాక ప్రభువు కోసం చేయమని. నాకూ అది ప్రాణమే. కానీ అది ఎవరికి రాశాడో చూడు. జీతం లేని దాసులకి. ఆ కాలపు రోమా చట్టంలో దాసుడికి సొంత ఆస్తి లేదు, వారసత్వం లేదు. అలాంటివాళ్లకి పౌలు, ప్రభువు దగ్గర మీకు స్వాస్థ్యం, అంటే వారసత్వపు వాటా, ఉంది అన్నాడు. ఇంట్లో ఎవరూ మనిషిగా లెక్కపెట్టనివాడిని దేవుడు వారసుడిగా లెక్కపెట్టాడు. నీ విలువ అక్కడ ఉంది బుజ్జీ. ఆ పోస్టు రాకముందు నీ విలువ ఎంతో, వేరేవాళ్లకి వెళ్లాక కూడా అంతే. అయితే అక్కడే ఆపేయకూడదు. 4వ అధ్యాయం మొదటి వచనంలో యజమానులకి కూడా చెప్పాడు, మీ దాసులకు న్యాయమైనది, ధర్మమైనది ఇవ్వండి, మీకూ పరలోకంలో యజమాని ఉన్నాడు అని. ఆ ఉత్తరం సంఘమంతటికీ చదివి వినిపించేది. దాసుడూ యజమానీ ఒకే గదిలో కూర్చుని విని ఉంటారు. మొదటి సగం మాత్రం చెప్పి రెండో సగం వదిలేస్తే అది పౌలు మాట కాదు.

ఇక చేయాల్సిన పని. ఒక నోట్‌బుక్ కొనుక్కో. ఈ నాలుగేళ్లలో చేసినవి తేదీలతో రాయి. ఎవరెవరికి పని నేర్పావు, ఏ నెల ఏ లెక్క దొరక్కపోతే పట్టుకున్నావు, పాత బాకీలు ఎన్ని వసూలయ్యాయి. మనకి మన పని చెప్పుకోవడం అంటే గొప్పలు పోయినట్టు భయం. రోమీయులకు రాసిన పత్రిక చివరి అధ్యాయంలో తెర్తియు అని ఒకడు ఉన్నాడు. పౌలు చెబుతుంటే ఆ పత్రిక అంతా రాసింది అతను. పదహారో అధ్యాయం 22వ వచనంలో, ఈ పత్రిక రాసిన తెర్తియు అనే నేను మీకు వందనాలు చెబుతున్నాను అని తన పేరు తనే రాసుకున్నాడు. పౌలు కొట్టేయించలేదు. అది గర్వమైతే మన చేతికి వచ్చేదాకా ఉండేది కాదు.

నోట్‌బుక్ అయ్యాక ఇన్‌ఛార్జితో విడిగా మాట్లాడటానికి టైం అడుగు. నెలాఖరున వద్దు, బిల్లుల టెన్షన్‌లో ఉంటారు. ఆ అబ్బాయి పేరు ఎత్తకు, వాడికి ఎందుకిచ్చారని అడగకు. వాడు నీకేమీ అన్యాయం చేయలేదు. "ఆ పోస్టుకి నాలో ఏం తక్కువైందో చెప్పండి, వచ్చేసారికి సరిచేసుకుంటాను" అని అడుగు. చెప్పింది రాసుకో. మర్నాడు అదే కాగితం మీద పెట్టి, మీరు నిన్న చెప్పినవి ఇవి అని ఇచ్చి, ఒక నకలు నీ దగ్గర ఉంచుకో. నోటిమాట గాలికి పోతుంది.

ఒక అనుమానం ఉంది నాకు. నువ్వు ఒడియా గలగలా మాట్లాడతావు గానీ రాయవు. 1954 నుంచి ఒడియా ఈ రాష్ట్రానికి అధికార భాష, సీనియర్ సీట్లో ఉత్తరాలు రాయాల్సి వస్తుంది. అది కారణమైతే మూడు నెలల పని. నేను ముప్ఫై దాటాక, బస్సు బోర్డులు చదువుకుంటూ, వార్డులో ఆయమ్మ దగ్గర పలక పెట్టుకుని నేర్చుకున్నాను. అక్షరాల మీద గొడుగులు పట్టినట్టుండే ఆ గుండ్రాలు అలవాటైతే మన లిపికి చుట్టమే.

ప్రార్థన సంగతి. ఉదయం ఆఫీసులో కంప్యూటర్ ఆన్ అయ్యేలోపు చేసినా సరిపోతుంది, పొడుగ్గా అక్కర్లేదు. ఆ ఇన్‌ఛార్జి పేరు, ఆ అబ్బాయి పేరు పెట్టి ప్రార్థించు. మొదటి వారం నోరు రాదు. నాకూ రాలేదు. శుక్రవారం కూడికలో మాత్రం ప్రార్థన మనవి అంటూ ఆఫీసు గొడవంతా చెప్పకు. వాళ్లు ప్రేమగలవాళ్లే, కానీ రాయగడ ఎంత ఊరు? ఆదివారానికి అది మీ ఇన్‌ఛార్జి ఇంటికి చేరుతుంది. నిన్ను మొహమాటపడకుండా సరిదిద్దే ఒక్క అక్కని చూసుకుని ఆమెకి చెప్పు.

అన్నీ చేసినా అక్కడ మారకపోతే వేరే ఉద్యోగం వెతుక్కో, అందులో పాపం లేదు. యాకోబు మామ లాబాను అతని జీతం పదిసార్లు మార్చితే, ఇరవై ఏళ్ల తర్వాత యాకోబుని బయలుదేరమని దేవుడే చెప్పాడు. కోపంలో మాత్రం రాజీనామా రాయకు. నీది పర్మినెంట్ ఉద్యోగం, ఐదేళ్ల సర్వీసు నిండితే గ్రాట్యుటీ వస్తుంది, నీకు ఇంకొన్ని నెలలే తక్కువ. పీఎఫ్ పాస్‌బుక్ కూడా ఒకసారి తెరిచి, నెలనెలా జమ అవుతోందో లేదో చూసుకో. నా సర్వీసు బుక్కు నేను ముందే చూసుకోలేదు, నువ్వు అలా ఉండకు.

వచ్చే శనివారం గుణుపురం మీదుగా బస్సులో వస్తున్నాను. అమ్మ ఇచ్చిన ఊరగాయ తెస్తాను. ఆ లోపు నోట్‌బుక్ రెండు పేజీలైనా నింపి ఉంచు. ఇన్‌ఛార్జిని టైం అడిగే దరఖాస్తు ఇద్దరం కూర్చుని రాద్దాం, ఒడియాలో నేను రాసిపెడతాను. కింద సంతకం మాత్రం నువ్వే ఒడియాలో పెట్టాలి, కాబట్టి ఈ వారం రోజుల్లో నీ పేరు రాయడం నేర్చుకో.

నీ దొడ్డమ్మ