అనుభవం లేకుండా మొదటి ఉద్యోగం ఎలా? రెండు వైపులా కూర్చున్నాక నాకు తెలిసింది

డిగ్రీ అయిపోయింది, ఒక కాలేజీ ప్రాజెక్టు, ఒక చిన్న ఇంటర్న్‌షిప్ తప్ప చెప్పుకోవడానికి ఏమీ లేదు, ఏ ప్రకటన చూసినా రెండేళ్ల అనుభవం అడుగుతున్నారు, ఏం చేయాలి అన్నది కదా మీ ప్రశ్న. నేనూ అక్కడి నుంచి వచ్చినదాన్నే. ఇప్పుడు మా టీమ్‌లోకి ఫ్రెషర్లను తీసుకునేటప్పుడు రెజ్యూమెలు చూసే పని కూడా నాకే అప్పగిస్తున్నారు.

ముందు ఆ రెండేళ్ల సంగతి. మా ఆఫీసులో అయితే ఆ వాక్యం పాత ప్రకటనలోంచి కాపీ అయి వస్తుంది, దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. ఐదారేళ్లు అడిగితే వదిలేయండి. ఒకటి రెండేళ్లు అని ఉండి, కింద రాసిన పనుల్లో సగానికి పైగా మీరు చేయగలిగినవే అయితే అప్లై చేసేయండి. కాదనడం వాళ్ల పని, ఆ పని మీరే ముందుగా చేసిపెట్టకండి.

అసలు అనుభవం ఎందుకు అడుగుతారు? చెప్పిన పని వెంటపడకుండా పూర్తి చేస్తారా, ఎక్కడైనా ఆగిపోతే దాచుకోకుండా వచ్చి అడుగుతారా, ఇవి తెలుసుకోవడానికే. ఈ రెండూ ఉద్యోగం చేయనివాళ్లు కూడా చూపించవచ్చు. కానీ చాలామంది రెజ్యూమెలో "హార్డ్ వర్కింగ్, టీమ్ ప్లేయర్, క్విక్ లెర్నర్" అని రాసి ఊరుకుంటారు. ఆ మాటలు చదివీ చదివీ ఇప్పుడు నా కళ్లు వాటి మీద ఆగడమే మానేశాయి.

"డిపార్ట్‌మెంట్ సింపోజియంలో వాలంటీర్" అని రాస్తే నాకు ఏమీ అర్థం కాదు. అదే "రిజిస్ట్రేషన్ల ఎక్సెల్ షీట్ నేనే చూశాను, రెండుసార్లు పడిన పేర్లు తీసేశాను, ఫీజు కట్టినవాళ్ల జాబితాతో సరిచూశాను" అని రాస్తే ఆ మనిషికి ఏ పని ఇవ్వొచ్చో వెంటనే తడుతుంది. నా విషయంలో జరిగిందీ ఇదే. మా స్టూడెంట్ అసోసియేషన్ లెక్కలు నేను రాసేదాన్ని. రెజ్యూమెలో ఒకే ఒక్క లైనుగా పెట్టాను. ఇంటర్వ్యూలో సగానికి పైగా దాని మీదే నడిచింది. చేతిలో ఉన్న డబ్బుకూ రశీదులకూ తేడా వస్తే ఏం చేసేవారు, ఎవరికి చెప్పేవారు, ఎవరైనా బిల్లు ఇవ్వకపోతే ఎలా అని అడిగారు. మార్కుల గురించి ఒక్క ప్రశ్న లేదు. కాబట్టి ఈ వారం కూర్చుని, మీరు మొదలుపెట్టి చివరిదాకా చేసిన పనులన్నీ ఒక కాగితం మీద రాయండి. జీతం రానివైనా సరే. ఏమీ లేకపోతే ఇప్పుడే ఒక చిన్నది పూర్తి చేయండి. ఇంకో ఆన్‌లైన్ సర్టిఫికెట్ కంటే అదే నయమని నా అభిప్రాయం.

రెజ్యూమె ఒక పేజీ చాలు. రెండు కాలమ్‌లు, టెక్స్ట్ బాక్సులు ఉన్న అందమైన టెంప్లేట్లు వద్దు. దరఖాస్తులు చదివే కొన్ని సాఫ్ట్‌వేర్లలో వాటి వరుస చెదిరిపోతుంది. మీ పీడీఎఫ్‌లోని అక్షరాలన్నీ కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడండి. వరుసగా వస్తే సరే, కలగాపులగంగా వస్తే మార్చుకోండి.

ఇక మనుషుల సంగతి. మొహమాటం వల్ల అందరూ వదిలేసేది ఇదే. మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లోనే ఒక మాట చెప్పాడు: కొత్త అవకాశాల కబురు దగ్గరివాళ్ల కంటే అంతంతమాత్రం పరిచయస్తుల ద్వారా వచ్చే అవకాశం ఎక్కువ. దగ్గరి స్నేహితులకు తెలిసినవి మనకూ తెలిసే ఉంటాయి కదా. లింక్డ్‌ఇన్‌లో 2 కోట్ల మందికి పైగా వాడుకరుల మీద చేసిన ప్రయోగాల ఫలితాలు 2022లో సైన్స్ పత్రికలో వచ్చాయి. అవీ దాదాపు అదే చెప్పాయి, కాకపోతే బొత్తిగా తెలియనివాళ్ల కంటే కాస్త పరిచయం ఉన్నవాళ్లే ఎక్కువ ఉపయోగపడ్డారట. నాకు మొదటి ఉద్యోగం గురించి చెప్పింది కూడా ముఖపరిచయం మాత్రమే ఉన్న ఒక సీనియర్ అక్క. ఆ ఖాళీకి అప్పటికి ప్రకటన కూడా పడలేదు.

అలాంటివాళ్లకు "ఏదైనా జాబ్ ఉంటే చూడండి" అని మెసేజ్ పెట్టకండి. పాపం, వాళ్లకు ఏం జవాబివ్వాలో తోచదు. "మీ టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లతో మొదటి ఆరు నెలలు ఏం పని చేయిస్తారు? దానికి నేనేం నేర్చుకుని ఉండాలి?" అని అడగండి. దీనికి జవాబు చెప్పడం సులువు, ఖాళీ ఏర్పడినప్పుడు మీరు గుర్తుకొస్తారు కూడా.

ఇంటర్వ్యూకి ఎక్కువ చెప్పను. మీరు చేసిన మూడు నాలుగు పనులను సందర్భం ఏమిటి, మీ బాధ్యత ఏమిటి, మీరేం చేశారు, చివరికి ఏమైంది అన్న వరుసలో పైకి చెప్పి సాధన చేయండి. మనసులో అనుకుంటే చాలదు, నోరు తిరగాలి. తెలియనిది అడిగితే తెలియదని చెప్పి, ఎలా తెలుసుకుంటారో చెప్పండి. రాని సాఫ్ట్‌వేర్ వచ్చని రాస్తే రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

చివరగా ఒక జాగ్రత్త. టెన్షన్‌లో ఉన్నప్పుడే మోసాలకు చిక్కుతాం. రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రైనింగ్ డిపాజిట్, ల్యాప్‌టాప్ ఛార్జీ అంటూ ఉద్యోగం ఇస్తామన్నవాళ్లే మిమ్మల్ని డబ్బు అడిగితే, ఆఫర్ లెటర్ ఎంత పక్కాగా కనిపించినా పైసా కట్టకండి, గుర్తింపు కార్డుల కాపీలు కూడా పంపకండి.