రంజాన్ పండుగంటే హలీమ్ కాదండి, ముందు ఫిత్రా

"రంజాన్ పండుగ రోజు ముస్లింలు హలీమ్, బిర్యానీ కాకుండా ఇంకేం చేస్తారు?" అని అడిగారు. మాది నరసాపురం. హలీమ్ హైదరాబాదువాళ్ల సంగతండి, అదీ ఉపవాసాల నెలలో సాయంత్రాలు తినేది. మా ఇంట్లో పండుగకి ఏనాడూ వండలేదు. టీవీలవాళ్లు ఏటా చార్మినార్ దగ్గర గరిట తిప్పే మనిషిని చూపించి అదే పండుగ అనేస్తుంటే ఒళ్లు మండుతుంది.

పండుగకి ప్రాణం ఫిత్రా. ఇంట్లో ఎంతమంది ఉంటే అంతమంది పేరునా, చంటిబిడ్డతో సహా, ఇంతని లెక్కగట్టి గోధుమలో వాటి ఖరీదో లేనివాళ్లకి ఇవ్వాలి. అదీ ఈద్ నమాజుకి ముందే. నమాజు అయ్యాక ఇస్తే మామూలు దానం కిందే లెక్క. జకాత్ వేరు, అది ఏడాదిపాటు నిలిచిన సొమ్ములో నూటికి రెండున్నర చొప్పున తీసి ఇచ్చే దానం. చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు.

2015లో జూలై 14 నుంచి 25 దాకా గోదావరి పుష్కరాలు. మధ్యలో 18న, శనివారం, మా పండుగ. వీధి వీధంతా పుష్కర స్నానాలకొచ్చిన చుట్టాలే. ముందురోజు రాత్రి చంద్రుడు కనిపించాడని కబురొచ్చేసరికి ఊళ్లో పాల ప్యాకెట్లు లేవు. పాలు లేనిదే షీర్ ఖుర్మా, అదే మా పండుగ సేమ్యా పాయసం, ఎలా? నేను కంగారు పడుతుంటే అమ్మీ, "పాల సంగతి తర్వాత, ఫిత్రా చేరిందా లేదా ముందు కనుక్కో" అంది. అన్నయ్య ఆ రాత్రే వెళ్లి ఇవ్వాల్సిన వాళ్లకి ఇచ్చి వచ్చాడు. పాలు ఎదురింటి పిన్నిగారు పంపారు. వాళ్లకి గేదె ఉంది. "మా చుట్టాలకీ పెట్టాలి వదినా, ఎక్కువే చెయ్యండి" అని మాట తీసుకున్నారు కూడా.

తెల్లారకుండానే సన్న సేమ్యాలు నేతిలో వేయించి, ఖర్జూరం, సారపప్పు, జీడిపప్పు వేసి అమ్మీ పెద్ద గిన్నె దించింది. మగవాళ్లు స్నానాలు చేసి, అత్తరు రాసుకుని, ఖర్జూరం తిని ఈద్గాకి బయల్దేరారు. ఈ నమాజుకి అజాన్, అంటే రమ్మని పిలిచే పిలుపు, ఉండదు. తక్బీర్లు, అంటే "అల్లాహు అక్బర్" అనడాలు, మామూలుకన్నా ఎక్కువ. ఏడాదికి రెండుసార్లే వచ్చే నమాజు కాబట్టి, చేతులు ఎప్పుడెత్తాలో, ఎప్పుడు కట్టుకోవాలో ఇమామ్ గారు ప్రతిసారీ ముందే విడమరిచి చెబుతారు. ఖుత్బా, అంటే ఇమామ్ గారి ప్రసంగం, నమాజు తర్వాత. వెళ్లిన దారిన కాక వేరే దారిన రావడం సున్నత్, అంటే ప్రవక్త పాటించిన పద్ధతి. ఆ రోజు ఏ దారి చూసినా వలంధర్ రేవుకి వెళ్లే జనమే.

మధ్యాహ్నందాకా ఎదురింటి చుట్టాలు వస్తూనే ఉన్నారు. తర్పణాలున్నాయి, అయ్యాకే తింటానన్న ఒక పెద్దాయనకి అమ్మీ గిన్నెడు తీసి పక్కన పెట్టింది. ఆయన వచ్చి తిని, పిల్లల చేతిలో ఈదీ, అదే పండుగ డబ్బులు, కూడా పెట్టి వెళ్లారు. మీరడిగిన "ఇంకేం చేస్తారు"కి నా దగ్గరున్న సమాధానం ఇదేనండి.

సెలవు సంగతీ చెప్పాలి. చంద్రుడి లెక్కన నడిచే మా ఏడాది ఇంగ్లీషు ఏడాదికన్నా పది పదకొండు రోజులు పొట్టి. పైగా నెలవంక కనబడితేనే పండుగ. క్యాలెండర్లో ముందే అచ్చేసిన తేదీ ఒకరోజు అటూఇటూ అవుతుంది. మా అన్నయ్య పనిచేసిన చోట ఒక ఏడాది, "సెలవు నిన్ననే ఇచ్చేశాం కదా" అని పండుగ రోజే డ్యూటీకి రమ్మన్నారు. నమాజు నుంచి అటే వెళ్లిపోయాడు. అలాంటి చోట పెద్ద పదవిలో ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ ఒక్కరోజు మార్చి ఇవ్వండి.