చేత్తో తీసే వీడియోలో ఊపు తగ్గాలంటే ముందు ఏది కొనాలి?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అహేరిలో పెళ్లిళ్లు, హల్దీలు తీయడం ఈ మధ్యే మొదలుపెట్టావు, చేతిలో సోనీ జెడ్‌వీ-ఈ10, దాంతోపాటు వచ్చిన 16-50 లెన్స్ ఉన్నాయి, వీడియో ఊగిపోతోందని పెళ్లివాళ్లు అంటున్నారు, ఉన్న డబ్బుతో గింబల్ (కెమెరాను మోటార్లతో నిలకడగా పట్టే పిడి) కొనాలా, మంచి లెన్స్ కొనాలా, లేక సాఫ్ట్‌వేర్‌లో సరిచేసుకుంటే సరిపోతుందా అని కదా అడిగావు. నేను సిరొంచలో పదేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. ఇటు మరాఠీ పెళ్లిళ్లు, నది దాటితే మన తెలంగాణ పెళ్లిళ్లు, సీజన్‌లో ఒక్కోసారి పొద్దున మంగళాష్టకాలు తీసి సాయంత్రానికి వంతెన దాటి బరాత్‌కి వెళ్తాను. అందుకే చెప్తున్నా, ఈ నెల ఏదీ కొనకు. ముందు నీ వీడియోలో ఉన్నది ఏ రకం ఊపో చూడు, ఎందుకంటే ఒక్కోదానికి మందు వేరు.

చేతి వణుకు ఒకటి. నువ్వు నిలబడి తీస్తున్నా బొమ్మ సన్నగా అదురుతూ ఉంటుంది. అడుగు కుదుపు ఇంకొకటి. నడిచినప్పుడు బొమ్మ మొత్తం పైకీ కిందికీ ఎగురుతుంది. ఇక మూడోది జెల్లీ. మండపం స్తంభాలు రబ్బరులా వంగుతాయి, అది చేతిది కాదు, సెన్సర్ బొమ్మను పైనుంచి కిందికి వరసలు వరసలుగా చదవడం వల్ల వచ్చేది. నీ కెమెరాలో 4కే పెట్టి గబుక్కున పక్కకు తిప్పితే ఇది బాగా కనిపిస్తుంది. ఈ మూడూ కలిసిపోయి ఉంటే మనకు అంతా షేక్ లాగే అనిపిస్తుంది, ఏది కొన్నా సగమే తగ్గుతుంది, మిగతా సగానికి ఇంకొకటి కొంటాం.

నా దగ్గర జరిగింది ఒకటి చెప్తాను. 2019లో ఒక పెళ్లిలో అప్పగింతలు రాత్రి బాగా పొద్దుపోయాక అయ్యాయి. ఇంటి ముందు వాకిట్లో ఒకే ఒక్క ట్యూబ్‌లైట్. ఐఎస్ఓ (కెమెరా వెలుతురు పట్టే శక్తి) పెంచితే గ్రెయిన్, అంటే బొమ్మలో రవ్వలు వస్తాయని భయపడి షట్టర్ 1/25 సెకనుకి దించాను, స్టెబిలైజేషన్ లేని 50 ఎం.ఎం. లెన్స్ చేత్తో పట్టుకుని తీశాను. అమ్మాయి తండ్రి ఆమె చెయ్యి పట్టుకుని అల్లుడి చేతిలో పెడుతూ ఒక్క మాట కూడా మాట్లాడలేకపోయాడు. ఆ షాట్ ఒక్కటీ నిలిస్తే చాలు అనిపించింది. ఇంటికొచ్చి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ అయిన ప్రీమియర్‌లో ఊపు తగ్గించే వార్ప్ స్టెబిలైజర్ వేశాను. ఫ్రేమ్ నిలిచింది, గోడ కదలలేదు, ద్వారబంధం కదలలేదు, కానీ ఆయన ముఖం మాత్రం అర సెకనుకోసారి మసకబారి మళ్లీ తేలుతోంది, ఎవరో అద్దం మీద ఊదుతూ తుడుస్తున్నట్టు. కారణం తర్వాత అర్థమైంది. షట్టర్ తెరిచి ఉన్నంతసేపు చెయ్యి కదిలింది కాబట్టి ప్రతి ఫ్రేములో బొమ్మ అలికినట్టు అయిపోయింది. సాఫ్ట్‌వేర్ ఫ్రేమును జరపగలదు, తిప్పగలదు, అలికిపోయిన ముఖాన్ని తిరిగి గీయలేదు. ఎంత వెతికినా దానికి దారి దొరకలేదు. ఆ క్లిప్‌ను స్లోలో పెట్టి, నలుపు తెలుపు చేసి, ఎలాగో ఆల్బమ్ వీడియోలో ఇచ్చాను. ఆ తండ్రి ఇప్పుడు లేడు, ఆ ఇంట్లో ఆయన కనిపించే వీడియో అదొక్కటే. అందుకే ఈ విషయంలో నేను ఇంత గట్టిగా మాట్లాడతాను.

కాబట్టి మొదట షట్టర్. సెకనుకు 25 ఫ్రేములకు 1/50 పెట్టాలని అందరూ చెప్తారు, కదలిక కంటికి సహజంగా ఉంటుందని, అది నిజమే. ట్రైపాడ్ మీద అలాగే పెట్టు. కానీ చేత్తో తీసి తర్వాత సాఫ్ట్‌వేర్‌లో నిలబెడదామనుకుంటే లోపల 1/100, బయట ఎండలో 1/200 లేదా ఇంకా పైకి పో. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 1/50, 1/100 దగ్గర ట్యూబ్‌లైట్ల కింద చారలు, మినుకులు రావు, మధ్యలో 1/60, 1/80 లాంటివి పెట్టకు. 1/50 నుంచి 1/100కి పోతే ఐఎస్ఓ రెట్టింపు చేయాల్సి వస్తుంది, గ్రెయిన్ కొంచెం పెరుగుతుంది. పెరగనీ. గ్రెయిన్ ఉన్న ముఖాన్ని ఇంట్లో వాళ్లు గుర్తుపడతారు, అలికిపోయిన ముఖాన్ని గుర్తుపట్టలేరు.

రెండోది లెన్స్ ఎంత దగ్గరికి లాగుతుందనేది, ఎం.ఎం. అంకె పెద్దదైతే ఎక్కువ లాగుతుంది. దీని లెక్క తెలుసుకుంటే చాలా అనుమానాలు పోతాయి. చెయ్యి ఒక్క డిగ్రీ వంగిందనుకో, పెద్ద (ఫుల్ ఫ్రేమ్) సెన్సర్ మీద 24 ఎం.ఎం. లెన్స్‌తో బొమ్మ సుమారు 22 పిక్సెళ్లు జరుగుతుంది, అంటే 1920 పిక్సెళ్ల వెడల్పున్న వీడియోలో. అదే ఒక్క డిగ్రీ 85 ఎం.ఎం.తో 80 దాకా, 200తో 180 దాటిపోతుంది. చెయ్యి మారలేదు, లెన్స్ మారింది అంతే. అందుకే జూమ్ చేసి దూరం నుంచి తీయడం కంటే వైడ్‌లో పెట్టి నువ్వే నాలుగడుగులు దగ్గరికి వెళ్లు. తలంబ్రాల దగ్గర చుట్టాలు అడ్డం వస్తారని వెనక నుంచి జూమ్ లాగే అలవాటు మనందరికీ ఉంది, ఆ అలవాటే సగం వణుకు.

లెన్స్ కొనాల్సి వస్తే కొనే ముందు ఒక్క సంగతి చూడు. నీ కెమెరా బాడీలో సెన్సర్ కదిలే స్టెబిలైజేషన్ లేదు. లెన్స్‌లో ఉండాలి, లేకపోతే ఎలక్ట్రానిక్‌గా చేయాలి. సోనీ లెన్స్ పేరులో ఓఎస్ఎస్ అని ఉంటే లోపల ఒక గాజు ముక్క చేతి వణుకుకు ఎదురుగా కదులుతుంది, టామ్రాన్ దాన్నే వీసీ అంటుంది, కెనాన్ ఐఎస్ అంటుంది, నికాన్ వీఆర్ అంటుంది. ఎస్ఎల్ఆర్ కెమెరాలకు ఇలాంటి లెన్స్ మొదట 1995లో కెనాన్ 75-300తో వచ్చింది, కొత్త విద్యేమీ కాదు. నీ 16-50లో ఓఎస్ఎస్ ఉంది. సిగ్మా 16 ఎం.ఎం. 1.4, సిగ్మా 18-50 బొమ్మ బాగుంటుందని అందరూ ఎగబడతారు, నిజంగానే బాగుంటుంది, కానీ వాటిలో స్టెబిలైజేషన్ లేదు. చీకటి పెళ్లిళ్లకు వెలుతురు తాగే లెన్స్ కావాలి, చేత్తో తీయాలి అంటే సోనీ 50 ఎం.ఎం. 1.8 ఓఎస్ఎస్ గానీ, డబ్బు కుదిరితే టామ్రాన్ 17-70 గానీ చూడు. ఇవన్నీ నిలబడి తీసేటప్పటి వణుకును తగ్గిస్తాయి, నడకలో వచ్చే కుదుపును లెన్స్ ఆపలేదు.

కెమెరాలో యాక్టివ్ స్టెడీషాట్ అని ఒకటి ఉంది కదా, అది బొమ్మ అంచులు కోసి ఆ ఖాళీలో ఫ్రేమును జరుపుతుంది. కోత 1.44 రెట్లు, అంటే 16 పెట్టినా 23 లాగా కనిపిస్తుంది. చిన్న ఇళ్లలో హల్దీ తీసేటప్పుడు వెనక్కి జరగడానికి గోడ అడ్డం వస్తుంది, అక్కడ ఇది పనికిరాదు. పగలు బయట, నిదానంగా నడుస్తూ తీసేటప్పుడు పెట్టుకో. రాత్రి పూట మాత్రం ఆపెయ్, ముందు చెప్పిన అలికే జబ్బే దీనికీ వస్తుంది.

ఇప్పుడు చేతులు, కాళ్లు. నీ కెమెరా బ్యాటరీతో కలిపి 343 గ్రాములు, పైగా కంటికి ఆనించుకునే వ్యూఫైండర్ లేదు. తేలిక వస్తువు చిన్న వణుక్కి కూడా ఊగుతుంది, ముఖానికి ఆనించే వీలు లేదు కాబట్టి రెండు చేతులు తప్ప ఆధారం లేదు. మెడ పట్టీని చిన్నది చేసి, కెమెరాను ముందుకు నెట్టి పట్టీ బిగుసుకునేలా పట్టుకో, మూడో ఆధారం వస్తుంది. మోచేతులు పక్కటెముకలకు ఆనించు. ఊపిరి వదులుతూ తియ్యి. కేజ్ (కెమెరా చుట్టూ బిగించే చట్రం) పెట్టి మైకు, చిన్న పవర్‌బ్యాంక్ తగిలిస్తే బరువు పెరిగి ఆ సన్న వణుకు తగ్గుతుంది.

ఇంకో పని చెయ్యి, ఖర్చు దాదాపు లేదు. హార్డ్‌వేర్ షాపుకి పోయి పావు అంగుళం బోల్టు, అంగుళానికి 20 మరలు ఉన్నది అడుగు, ట్రైపాడ్ మర కూడా అదే. దానికి సాగని నైలాన్ తాడు కట్టి, నీ మెడ నుంచి నేల దాకా పొడవు ఉంచి, చివర ఉచ్చు వేసి దాన్ని కాలితో తొక్కిపట్టు. కెమెరాను పైకి లాగి పట్టుకుంటే తాడు బిగుస్తుంది, పైకీ కిందికీ వణుకు ఆగిపోతుంది. ఒక్క జాగ్రత్త, బోల్టు కెమెరాలోకి 5 ఎం.ఎం. కంటే ఎక్కువ పోకూడదు, లోపల అడుగు తగిలి పాడవుతుంది, అందుకని ముందు నట్టు, వాషర్లు వేసి పొడవు సరిచేసుకో. దండలు మార్చుకునే షాట్లు నేను ఇప్పటికీ ఈ తాడుతోనే తీస్తాను, జేబులో పట్టేస్తుంది.

నడకకు మన ఊళ్లలోనే గురువులు ఉన్నారు. ప్రాణహిత నుంచి నెత్తిన బిందె పెట్టుకుని గట్టు ఎక్కే ఆడవాళ్లను చూడు, నీళ్లు తొణకవు. మోకాళ్లు కొంచెం వంగి ఉంటాయి, మడమ ముందు ఆనించి పాదం మెల్లగా దొర్లిస్తారు, కుదుపంతా నడుము దగ్గర ఆగిపోతుంది, మెడ దాకా రాదు. రోజూ పది నిమిషాలు అలా నడిచి తీసి చూసుకో. బరాత్‌లో వెనక్కి నడవాలంటే ఒంటరిగా వద్దు, అసిస్టెంట్‌ను నీ బెల్టు పట్టుకుని నడిపించమను, గుంతలు నువ్వు చూడలేవు.

ఈ నడక గింబల్ ఉన్నా తప్పదు. మూడు యాక్సిస్‌ల గింబల్ అంటే వంగడం, తిరగడం, పక్కకు ఒరగడం ఆపుతుంది. నువ్వు ఎగిరితే అదీ నీతోపాటు ఎగురుతుంది. 1970ల్లో గ్యారెట్ బ్రౌన్ తయారుచేసిన స్టెడీక్యామ్‌లో స్ప్రింగులున్న చెయ్యి ఒంటికి కట్టుకున్న వెస్టు మీద ఉంటుంది, ఆ పైకీ కిందికీ కుదుపును ఆ చెయ్యి మింగుతుంది, మన చేతి గింబల్‌లో ఆ భాగమే లేదు. గింబల్ తీసుకుంటే కెమెరా ఆన్ చేసి, లెన్స్ బయటికి వచ్చాక, ఏ జూమ్‌లో తీస్తావో అక్కడ పెట్టి బ్యాలెన్స్ చెయ్యి. మోటార్ ఆపినా కెమెరా ఎలా వదిలితే అలాగే నిలబడాలి. బ్యాలెన్స్ సరిగా లేకపోతే మోటార్ సన్నగా గుర్రుమంటూ ఇంకో కొత్త వణుకు తెచ్చిపెడుతుంది. అరగంట దాటితే మణికట్టు లాగేస్తుంది కూడా, అందుకే పెళ్లంతా దాని మీద తీయాలనుకోకు, ఎంట్రీ, బరాత్ వరకు చాలు.

స్టేజీ మీద ట్రైపాడ్ పెట్టకు. చదివింపుల వరస మొదలైతే ఎక్కే దిగే జనానికి పలకలు ఊగుతాయి, ట్రైపాడ్ మీద ఉన్నా షేక్ వస్తుంది. కింద నేల మీద పెట్టు.

సాఫ్ట్‌వేర్‌లో రెండు దారులున్నాయి. ఒకటి బొమ్మను చూసి సరిచేసేది, ప్రీమియర్ వార్ప్ స్టెబిలైజర్, లేదా ఇంకో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్చీ రిజాల్వ్‌లోది. రిజాల్వ్ ఉచితంగా వచ్చేదానిలోనూ ఉంది. వార్ప్ వేస్తే స్మూత్‌నెస్ 50 అని వస్తుంది, దాన్ని 5 నుంచి 10కి దించు, మెథడ్‌లో సబ్‌స్పేస్ వార్ప్ తీసేసి పొజిషన్ పెట్టి చూడు, గోడలు వంగడం ఆగుతుంది. అయితే బరాత్‌లో ఇది మోసపోతుంది. డ్యాన్స్ చేసేవాళ్లు ఫ్రేమ్ నిండా ఉంటే వాళ్లనే ఆధారంగా పట్టుకుంటుంది, వాళ్లు నిలిచి వెనక ఇళ్లు ఊగుతాయి.

అలాంటి చోట రెండో దారి, గైరోఫ్లో అనే సాఫ్ట్‌వేర్. ఉచితం, ఓపెన్ సోర్స్. నీ కెమెరా వీడియోతోపాటు గైరో లెక్కలు కూడా ఫైలులో రాస్తుంది, కెమెరా ఎటు ఎంత తిరిగిందో ఇది ఆ లెక్క చూసి సరిచేస్తుంది, ముందు ఎవరు గెంతినా దానికి సంబంధం లేదు. దీనికోసం తీసేటప్పుడు మెనూలో స్టెడీషాట్ ఆపెయ్, లేకపోతే లెన్స్ ఒకసారి, ఇది ఒకసారి సరిచేసి బొమ్మ ఎదురు ఊగుతుంది. కార్డులోని అసలు ఫైలే ఇవ్వాలి, ఫోన్‌కి పంపి కుదించిన దానిలో గైరో లెక్కలు ఉండవు. జెల్లీని కూడా చాలా వరకు సరిచేస్తుంది. అంచులు కొంత పోతాయి కాబట్టి ఫ్రేమ్ కొంచెం వదులుగా పెట్టి 4కేలో తియ్యి, ఇచ్చేది 1080 అయితే కోతకు చోటు ఉంటుంది.

ఒక్క ఊపు మాత్రం దేనికీ లొంగదు. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలప్పుడు సిరొంచ ఘాట్ నుంచి 210 ఎం.ఎం. దాకా లాగి అవతలి ఒడ్డు తీశాను, ట్రైపాడ్‌కి బరువు సంచి వేలాడదీసినా మనుషులు నీళ్లలో నీడల్లా అలలు అలలుగా కదిలారు. అది వేడి. ఇసుక మీద మధ్యాహ్నం గాలి ఉడికి బొమ్మను వంచుతుంది. మర్నాడు సూర్యోదయానికి అదే చోట, అదే లెన్స్‌తో తీస్తే కత్తిలా వచ్చింది.

ఈ వారం ఇలా చెయ్యి. నిలబడి ఒక నిమిషం, నడుస్తూ ఒక నిమిషం, పక్కకు తిప్పుతూ ఒక నిమిషం తీసి, 1/50తో ఒకసారి, 1/200తో ఒకసారి, ఆరు క్లిప్‌లు పక్కపక్కన పెట్టి చూడు. ఏది ఎలా ఉందో కింద రాయి. నిలబడిన దానిలోనే వణుకు ఉంటే తాడు, ఆ తర్వాత 50 ఓఎస్ఎస్. నడకదే గొడవ అయితే నెల రోజులు నడక, అప్పటికీ బరాత్‌లో తేలకపోతే గింబల్ ఎంత బరువు మోసేది కావాలో నేను చెప్తాను.