క్లాక్ పెట్టె కొనే ముందు

మేనల్లుడికి ఆశీస్సులు.

డ్యాక్ (డిజిటల్ పాటని వినిపించే సిగ్నల్‌గా మార్చే పెట్టె) వెనకాల 10 మెగాహెర్ట్జ్ ఇన్‌పుట్ అని ఓ సాకెట్ ఖాళీగా కనిపించిన దగ్గర్నుంచీ నీకు మనసు ఆగడం లేదని అర్థమైంది. ముందే చెప్పేస్తున్నాను, నీ దగ్గరున్న సెట్‌కి ఎక్స్‌టర్నల్ క్లాక్, అంటే డ్యాక్‌కి బయటి నుంచి టైమింగ్ లెక్క అందించే విడి పెట్టె, అక్కర్లేదు. ఎందుకో ఓపిగ్గా విను, కొనాలో వద్దో తర్వాత నువ్వే తేల్చుకుందువు గాని.

నేను పనిచేసిన స్టూడియోలో మాస్టర్ క్లాక్ ఉండేది. అది లేకపోతే పని నడవదు. కన్వర్టర్లు (సౌండ్‌ని అంకెలుగా, అంకెల్ని సౌండ్‌గా మార్చేవి), డిజిటల్ మిక్సర్, రికార్డర్ అన్నీ ఒకే లెక్కన శాంపిల్స్, అంటే సెకనుకి వేలసార్లు సౌండ్‌ని కొలిచిన అంకెలు, తీసుకోవాలి. దేని క్లాక్ దానిదే అయితే మధ్యలో శాంపిల్స్ జారిపోయి టిక్కుటిక్కుమంటుంది. పదిమంది కలిసి పాడేటప్పుడు తాళం ఒకరి చేతిలోనే ఉండాలి కదా, అదీ దాని పని. అంతేగానీ సౌండ్‌కి మెరుగు పెట్టడానికి కాదు. ఒక్క కన్వర్టర్‌తో రికార్డింగ్ అయిపోయే రోజున దాన్ని సొంత క్లాక్ మీదే నడిపేవాళ్లం.

నీ ఇంట్లో ఉన్నదల్లా కంప్యూటర్, యూఎస్‌బీ కేబుల్, డ్యాక్. ఇప్పటి డ్యాక్‌లు చాలావరకు అసింక్రనస్ పద్ధతిలో పనిచేస్తాయి. అంటే డేటా ఎంత వేగంగా పంపాలో డ్యాకే కంప్యూటర్‌కి చెబుతుంది. వచ్చింది బఫర్‌లో (కాసేపు దాచుకునే చోట) పడుతుంది, అక్కణ్ణుంచి డ్యాక్ సొంత క్లాక్‌ని నడిపే లోపలి క్రిస్టల్ లెక్క ప్రకారం చిప్‌లోకి వెళ్తుంది. కంప్యూటర్ క్లాక్ ఎలా ఏడ్చినా దీనికి సంబంధం లేదు.

ఆ క్రిస్టల్స్ సంగతే అసలు విషయం. మంచి డ్యాక్ మూత తీసి చూస్తే చిప్ పక్కనే సాధారణంగా రెండు చిన్న డబ్బాలు ఉంటాయి. ఒకదాని మీద 22.5792 అనో దాని రెట్టింపో, రెండోదాని మీద 24.576 అనో దాని రెట్టింపో మెగాహెర్ట్జ్‌లలో రాసి ఉంటుంది. శాంపిల్స్ వేగం 44.1 కిలోహెర్ట్జ్‌ని 512తో గుణిస్తే మొదటిది, మరో వేగం 48ని గుణిస్తే రెండోది. నువ్వు కొంటానంటున్న పెట్టె ఇచ్చేది 10 మెగాహెర్ట్జ్. అది ఈ రెండింటిలో దేనికీ సరిగ్గా పొసగదు. కాబట్టి డ్యాక్ లోపల ఓ పీఎల్‌ఎల్ సర్క్యూట్ దాన్ని చూసుకుంటూ కావలసిన ఫ్రీక్వెన్సీని మళ్లీ తయారు చేయాలి. బయటి పెట్టె ఎంత గొప్పదైనా చిప్‌కి అందేది ఆ పీఎల్‌ఎల్ చేతి వంటే. వేలెడు దూరంలో ఉన్న క్రిస్టల్‌ని కాదని మీటరు కేబుల్ చివరి నుంచి తెచ్చుకున్నందుకు, కొలిచి చూస్తే జిట్టర్ (శాంపిల్స్ టైమింగ్‌లో తడబాటు) తగ్గకపోగా కాస్త పెరగడమూ ఉంది.

రుబిడియం పరమాణువుల లెక్కతో నడిచే అటామిక్ క్లాక్ అనగానే చెవులు నిక్కబొడుచుకుంటాయి, నిజమే. దాని గొప్పతనం నెలల తరబడి లెక్క తప్పకపోవడంలో ఉంది. మామూలు క్రిస్టల్ మిలియన్‌కి 50 వంతులు తేడాగా నడిచిందే అనుకో, ఐదు నిమిషాల పాట 15 మిల్లీసెకన్లు అటూఇటూగా ముగుస్తుంది. శ్రుతిలో తేడా ఒక స్వరస్థానంలో వెయ్యో వంతు కూడా ఉండదు. సంగీతానికి కావలసింది ఆ దీర్ఘకాలపు కచ్చితత్వం కాదు, ఒక శాంపిల్‌కీ మరో శాంపిల్‌కీ మధ్య తడబాటు లేకపోవడం. ఆ తడబాటే జిట్టర్. 1998లో బెంజమిన్, గానన్ అనే ఇద్దరు పరిశోధకులు చెవికి ఎంత జిట్టర్ తెలుస్తుందో పరీక్షించారు. పాటల్లో అయితే 20 నానోసెకన్ల కంటే తక్కువ ఎవరూ పట్టుకోలేకపోయారు. ఇప్పటి చక్కని డ్యాక్‌లో ఉండేది ఒక్క నానోసెకనులో చిన్న ముక్క.

సీడీ ట్రాన్స్‌పోర్ట్ (సీడీ చదివి డేటా మాత్రం పంపే పెట్టె), డ్యాక్ వేర్వేరుగా ఉండి మధ్యలో ఎస్‌పీడీఐఎఫ్ అనే డిజిటల్ ఆడియో కేబుల్ ఉంటే మాత్రం కథ వేరు. అక్కడ క్లాక్ డేటాలోనే కలిసి వస్తుంది, డ్యాక్ దాన్ని విడదీసుకోవాలి. పాత డ్యాక్‌లు కొన్ని ఆ పని సరిగ్గా చేసేవి కావు. అప్పుడు కూడా డ్యాక్‌కి వర్డ్ క్లాక్ (శాంపిల్స్ లెక్క చెప్పే సిగ్నల్) అవుట్, ట్రాన్స్‌పోర్ట్‌కి ఇన్ ఉంటే ఒక 75 ఓమ్‌ల కేబుల్‌తో డ్యాక్‌నే యజమానిని చేస్తే సరిపోతుంది. మూడో పెట్టెతో పని లేదు.

ఇంత చెప్పినా కొనాలనే ఉంటే, ముందు ఎవరిదైనా అడిగి తెచ్చుకో. డ్యాక్ మెనూలో ఇంటర్నల్, ఎక్స్‌టర్నల్ మార్చే పని ఇంకొకరికి అప్పజెప్పి, డిస్‌ప్లే మీద కాగితం అంటించు. క్లాక్ మారినప్పుడు లోపల రిలే టక్కుమంటుంది, రెండు క్షణాలు సౌండ్ ఆగుతుంది. నీకు తెలియకుండానే అది నీకు జవాబు అందించేస్తుంది. అందుకని మార్చినా మార్చకపోయినా ప్రతిసారీ అటు వేసి ఇటు వేయమని చెప్పు. వరస బొమ్మా బొరుసూ వేసి తేల్చుకోమను. వాల్యూమ్ ముట్టుకోవద్దు. 16 సార్లలో 12 సరిగ్గా చెప్పావంటే అప్పుడు మాట్లాడుకుందాం. ఊరికే గుడ్డిగా చెబితే అన్ని కలిసొచ్చే అవకాశం నూటికి నాలుగు కూడా లేదు.

స్పీకర్లు గోడకి ఆనించి పెట్టావని ఫొటోలో చూశాను. ముందు వాటిని ఓ రెండడుగులు ముందుకి జరిపి, అదే పాట మళ్లీ పెట్టి, బేస్ ఎలా ఉందో రాయి. డ్యాక్ మోడల్ పేరు కూడా పంపు, ఆ 10 మెగాహెర్ట్జ్ సాకెట్ లోపల ఏ పీఎల్‌ఎల్‌కి వెళ్తుందో మాన్యువల్ తిరగేసి చెబుతాను.

ఇట్లు,
మావయ్య